రాజీ అయిన కేసు అటెస్టేషన్ ఫారంలో రాయాలా?

ఊరి గొడవలో పెట్టిన ఐపీసీ 323, 506 సెక్షన్ల (కొట్టడం, బెదిరించడం) కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయింది కాబట్టి కానిస్టేబుల్ ఉద్యోగానికి మన వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో, కేసులున్నాయా అన్నచోట ‘లేదు’ అని పెట్టొచ్చా అని ఒక తమ్ముడు అడిగారు. పెట్టకండి తమ్ముడూ. ఫారం అడిగేది శిక్ష ఒక్కటే కాదు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా అని కూడా. రాజీ అయినా ఎఫ్‌ఐఆర్ స్టేషన్ రికార్డులోంచి చెరిగిపోదు, వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. ఉద్యోగ ఫారంలో కేసులు దాచడంపై వచ్చిన అవతార్ సింగ్ కేసులో 2016లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే: ఉన్నది రాయాల్సిందే. రాసినంత మాత్రాన ఉద్యోగం ఖాయం కాదు గానీ, చిన్న కేసైతే అధికారులు మన్నించే వీలుంది. దాస్తే మాత్రం ఆ దాచడమే వేటుకు కారణం కావచ్చు.

క్రైం నంబరు (ఎఫ్‌ఐఆర్ నంబరు), సీసీ నంబరు (కోర్టులో కేసు నంబరు), స్టేషన్, కోర్టు, ఫలితం, తేదీ రాయండి. నంబరు గుర్తులేకపోతే కోర్టు కేసుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌లో పేరుతో వెతకండి. లోక్ అదాలత్ ఇచ్చిన అవార్డు (రాజీ ఉత్తర్వు) సర్టిఫైడ్ కాపీకి ఈరోజే అప్లికేషన్ వేయండి, చేతికి రావడానికి రోజులు పడుతుంది.