పొట్ట ఆపరేషన్ తర్వాత ఆ ట్యూబులు ఎప్పుడు తీస్తారు?

ప్రశ్న: అక్కా, రెండు సిజేరియన్ల తర్వాత పొట్ట వేలాడిపోయి ఏం చేసినా తగ్గకపోతే చెన్నైలో టమ్మీ టక్ (వేలాడే చర్మం, కొవ్వు తీసేసే ఆపరేషన్) చేయించుకుని తిరుపతికి వచ్చేశాను. రెండు పక్కలా రెండు డ్రెయిన్లు (లోపల ఊరే నీటిని బయటికి లాగే ట్యూబులు) పెట్టి పంపారు. వారం దాటింది. కుడి పక్క రోజుకు 20 ఎంఎల్ లోపే వస్తోంది. ఎడమ పక్క 70 దాకా వచ్చేది, నిన్నటి నుంచి ఉన్నట్టుండి చుక్క రావడం లేదు, ట్యూబు చుట్టూ కట్టు మాత్రం తడిసిపోతోంది. మంచం దిగితే నీరు ఎక్కువవుతుందనీ, పప్పు తింటే చీము పడుతుందనీ మా అత్త గోల. వచ్చే వారం కొండమీద మా మరిది పెళ్లి. మా వీధిలో ఆర్‌ఎంపీ ‘రెండు నిమిషాల పని, నేనే లాగేస్తా’ అంటున్నాడు. తీయించుకోనా? – ఒక సోదరి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: వద్దమ్మా. పెళ్లి సంగతి తర్వాత, ముందు ఆ ఎడమ ట్యూబు సంగతి చూడండి. 70 వచ్చేది ఒక్కరోజులో సున్నా అయిపోయి కట్టు తడుస్తోందంటే, నీరు తగ్గిందని సంబరపడకండి. రక్తపు గడ్డ ఏదో ట్యూబులో అడ్డం పడి, నీరు పక్కనుంచి దారి వెతుక్కుంటోందన్నమాట. డిశ్చార్జి రోజు నర్సు ట్యూబు పిండి చూపించే ఉంటుంది. చేతులు సబ్బుతో శుభ్రంగా కడుక్కుని, ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో ట్యూబును చర్మానికి దగ్గరగా గట్టిగా పట్టుకోండి, ఈ చెయ్యి కదలకూడదు, కదిలితే లాగుడంతా కుట్టు మీద పడుతుంది. కుడిచేతి వేళ్లకు కాస్త శానిటైజర్ రాసుకుని ట్యూబును నొక్కుతూ చివరనున్న బల్బు (నీరు చేరే మెత్తని బుడ్డి) దాకా జార్చండి. అలా రెండు మూడుసార్లు చేస్తే నల్లటి దారంలాంటి గడ్డ జారి బల్బులో పడి, వెనకాలే నీరు దిగుతుంది. దిగకపోతే ఈరోజే మీ సర్జన్‌కు ఫోన్ చేయండి, రేపటిదాకా ఆగొద్దు.

బల్బు ఉబ్బి ఉందా, నొక్కుకుపోయి ఉందా అన్నది కూడా చూసుకోండి. గాలితో ఉబ్బి ఉంటే అది లాగదు, ఊరికే వేలాడుతుంది. సగం నిండగానే, లేదా రోజుకు రెండు మూడుసార్లు, మూత తీసి ఔన్సు గ్లాసులోకి వంచి కొలవండి. బల్బు మీద గీతల్ని నమ్మొద్దు, అవి ఉజ్జాయింపే. తర్వాత బల్బును పిడికిట్లో పూర్తిగా నొక్కి, నొక్కి ఉండగానే మూత పెట్టాలి. మీది స్ప్రింగు డబ్బా రకమైతే ముందు క్లాంపు (ట్యూబును నొక్కి మూసే క్లిప్పు) వేసి ఖాళీ చేసి, డబ్బా అణిచి మూత పెట్టాక క్లాంపు తీయడం మరిచిపోకండి, ఇళ్లల్లో ఎక్కువగా మరిచిపోయేది అదే. నీళ్లు టాయిలెట్‌లో పోసి మళ్లీ చేతులు కడుక్కోండి. కుడిది, ఎడమది విడివిడిగా, టైముతో సహా ఒక నోటుబుక్కులో రాయండి, రంగు కూడా. మొదట ఎర్రగా, తర్వాత గులాబీగా, చివరికి పలచని పసుపుగా మారుతూ రావాలి.

డ్రెయిన్ తీసేది ఆ పుస్తకం చూసే. చాలామంది సర్జన్లు ఒక్కో డ్రెయిన్‌లో 24 గంటలకు 25, 30 ఎంఎల్ లోపు వరసగా రెండు రోజులు వస్తే తీస్తారు. కొందరికి వారానికి, కొందరికి రెండు వారాలకు, ఇంకొందరికి ఆపైన. ఈ ఆపరేషన్‌లో పొట్టమీది చర్మం, కొవ్వు కలిపి పక్కటెముకల దాకా పైకి లేపుతారు కదా, కింద అంత ఖాళీ మిగులుతుంది, చర్మం మళ్లీ కండకు అతుక్కునేదాకా అక్కడ నీరు ఊరుతూనే ఉంటుంది. మీ కుడిది ముందు తీసి ఎడమది ఉంచినా ఆశ్చర్యపోకండి. తీయడం రెండు నిమిషాల పనే, ఆర్‌ఎంపీ అబద్ధం చెప్పలేదు, కానీ ఎప్పుడు తీయాలో తెలియడమే అసలు పని. పుత్తూరు, నగరి మీదుగా మళ్లీ అంత దూరం వెళ్లలేకపోతే, మీ డాక్టరుతోనే మాట్లాడించి, కాగితం తీసుకుని తిరుపతిలో ఒక సర్జన్ దగ్గరే తీయించుకోండి. పొరపాటున ట్యూబు దానంతటదే ఊడొస్తే వెనక్కి తోయొద్దు, శుభ్రమైన గాజుగుడ్డ అదిమిపెట్టి ఫోన్ చేయండి.

అత్తగారి మాట సగం నిజం. ఇల్లు ఊడ్చడం, పిల్లల్ని ఎత్తుకోవడం లాంటివి చేస్తే నీరు పెరుగుతుంది. అలాగని మంచానికి అతుక్కుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం, అది ఇంకా పెద్ద గొడవ. నడుము కాస్త వంచి ఇంట్లోనే గంటకోసారి నాలుగడుగులు వేయండి, డ్రెయిన్లను నైటీకి పిన్నుతోనో మెడలో గుడ్డసంచితోనో గాయం కంటే కిందికే ఉండేలా కట్టుకుని. పప్పు మాత్రం కడుపునిండా తినండి! చీముకు కారణం క్రిములు, కందిపప్పు కాదు. గాయం మానడానికి పప్పు, గుడ్డు, చేప, పెరుగు కావాలి. పెళ్లికి డాక్టరు ఒప్పుకుంటే కారులో వెళ్లి కూర్చుని అక్షింతలు వేసి వచ్చేయండి, అలిపిరి మెట్లు, పుష్కరిణి స్నానం మాత్రం ఇప్పుడు కుదరవు. పట్టుచీర బిగించి కట్టి ట్యూబు మడత పడేలా చేసుకోకండి.

జ్వరం 100.4 దాటినా, నీరు చిక్కబడి వాసన వచ్చినా, బల్బు ఎర్రటి రక్తంతో గబగబా నిండినా, పొట్ట ఒక పక్క ఉబ్బినా ఆలస్యం చేయొద్దు. ఒక పిక్క వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా 108కి ఫోన్ చేయాల్సిందే.

ప్రశ్న: మా ఆవిడకు డ్రెయిన్లు తీసి ఐదు రోజులైంది. పక్కకు తిరిగితే పొట్టలో నీళ్లు కదిలినట్టుంది అంటోంది. నొప్పి లేదు. వదిలేయొచ్చా? – చిత్తూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వదిలేయకండి, కంగారూ పడకండి. చర్మం కింద అలా నీరు చేరడాన్ని సెరోమా అంటారు, ఈ ఆపరేషన్ తర్వాత తరచుగా వచ్చేదే. కొద్దిగా ఉంటే ఒంట్లోనే ఇంకిపోతుంది, ఎక్కువుంటే డాక్టరు సిరంజితో లాగేస్తారు, కొన్ని రోజుల తేడాతో రెండు మూడుసార్లు లాగాల్సి రావచ్చు. ఆ చర్మానికి ఇంకా స్పర్శ సరిగా ఉండదు కాబట్టి సూది నొప్పి పెద్దగా తెలియదు. అదే కారణానికి వేడినీళ్ల కాపడం పెట్టొద్దు, కాలినా ఆవిడకు తెలియదు. పొట్టకు కట్టే బెల్టు డాక్టరు చెప్పినన్నాళ్లూ వేసుకోమనండి. ఈ వారంలోనే చూపించండి, ఆ చోటు ఎర్రబడి వేడెక్కితే మాత్రం ఆరోజే.