స్కోరు బోర్డు కట్టకు బిడ్డా

చిరంజీవికి ఆశీస్సులు.

నిజామాబాద్, ఆదిలాబాద్, మంచిర్యాల పిల్లలను పిలిచి హనుమకొండలో రెండు రోజులు బేస్‌బాల్ ఆడిస్తానన్నావు. పన్నెండేళ్ల లోపు వాళ్లు, ఆడపిల్లలు మగపిల్లలు కలిసే, కప్పు లేదు, ఫైనల్ లేదు. మంచి పనే పెట్టుకున్నావు. ఫోన్లో సగం మాట్లాడేసరికి మీ బడి గంట కొట్టింది కాబట్టి మిగతాది రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒకటి గట్టిగా చెబుతా. జట్లను ఊళ్ల పేరుతో ఆడించకు. మైకులో ఒక్కసారి 'వరంగల్ వర్సెస్ నిజామాబాద్' అని వినబడిందంటే ఇక నువ్వు కప్పు పెట్టకపోయినా అది టోర్నమెంటే. పిల్లలు రెండు ఇన్నింగ్స్ కాగానే మరిచిపోతారు. వెంట వచ్చిన సార్లే మరిచిపోరు, సాయంత్రానికి అంపైర్ మీద పడతారు. అందుకని మొదటి రోజు పొద్దున టిఫిన్ అవగానే అందరినీ కలిపేసెయ్. వట్టి చీటీలు తీస్తే మాత్రం బాగా విసిరేవాళ్లంతా ఒకే వైపు పడొచ్చు. ముందు మూడు గుంపులు చెయ్: పిచింగ్ (బ్యాటర్‌కు బంతి విసరడం) వచ్చినవాళ్లు, ఆట తెలిసినవాళ్లు, బంతి కొత్తగా పట్టినవాళ్లు. ఒక్కో గుంపులోంచి వంతులవారీగా పంచు. ఒక ఊరి పిల్లలు కనీసం ఇద్దరు ఒకే జట్టులో ఉండేలా చూడు. గోండి మాట్లాడే పిల్ల ఒక్కతే కొత్త ముఖాల మధ్య కూర్చుంటే రోజంతా నోరు విప్పదు. పక్కన తన ఊరి పిల్ల ఉంటే మధ్యాహ్నానికి అందరిలో కలిసిపోతుంది. జట్లకు పేర్లు కూడా వద్దు, రంగు గుడ్డపేలిక చేతికి కడితే చాలు.

ఇక రూల్స్. జట్టులో పన్నెండు మంది ఉంటే పన్నెండు మందీ వరుసగా బ్యాటింగ్ చేయాలి. ఫీల్డింగ్‌కు తొమ్మిది మందే కాబట్టి ప్రతి ఇన్నింగ్స్‌కూ మార్చు, ఏ పిల్లా వరుసగా రెండు ఇన్నింగ్స్ బయట కూర్చోకూడదు. ముగ్గురు ఔటయినా, ఐదు పరుగులు వచ్చినా వైపు మారిపోవాలి. నాలుగు 'బాల్స్', అంటే గురి తప్పి పక్కకు పోయి బ్యాటర్ కొట్టని బంతులు, పడితే బ్యాటర్ నడిచి మొదటి బేస్‌కు (చదరం మూలల్లో పరుగెత్తి చేరాల్సిన గుర్తుల్లో మొదటిది) పోవడం పెద్దల ఆటలో సరే గానీ, ఈ వయసులో అది ఆటను చంపేస్తుంది. పిచర్‌కు గురి కుదరదు, ఒకరి తర్వాత ఒకరు నడుస్తూనే ఉంటారు, ఫీల్డర్లు దిష్టిబొమ్మల్లా నిలబడతారు. నాలుగో బాల్ పడగానే సారే వచ్చి మెల్లగా వేయాలి. అప్పటికీ తగలకపోతే టీ (బంతిని నిలబెట్టే కర్ర) మీద బంతి పెట్టి కొట్టించు. కొట్టకుండా ఎవరూ వెనక్కి రాకూడదు.

పిచింగ్ లెక్క మాత్రం కచ్చితంగా రాయించు. అమెరికాలో పిల్లల బేస్‌బాల్ నడిపే లిటిల్ లీగ్‌లో పదకొండు, పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 85 బంతులే హద్దు, తొమ్మిది, పదేళ్లవాళ్లకు 75. ఎదిగే వయసులో మోచేతి ఎముక కొసలు ఇంకా గట్టిపడవు, అందుకే ఆ హద్దు. మన పిల్లలకు అలవాటు కూడా లేదు కాబట్టి నువ్వు 30 దగ్గరే ఆపెయ్. 'మావాడి చెయ్యి చూడండి సార్, వదలండి' అనే తండ్రి ఒకరు తప్పకుండా తగులుతాడు. ఆయనకు రింకూ సింగ్, దినేశ్ పటేల్ సంగతి చెప్పు. ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసిరే కుర్రాళ్లు. బేస్‌బాల్ ముట్టకుండానే పెరిగి, 2008లో టీవీ పోటీలో బంతి విసిరి, అదే ఏడాది అమెరికా బేస్‌బాల్ జట్టు పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. పదకొండేళ్లకే తొందరేమీ లేదని ఆయనకు అప్పుడైనా అర్థమవుతుంది.

పరుగులు పిల్లలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటారు, పెట్టుకోనీ. దాన్ని ఆపితే ఆట ఆటలా ఉండదు. నువ్వు బోర్డు కట్టకు, మైకు అతనితో చదివించకు, అంతే.

మైదానం కొలత. బేస్‌కూ బేస్‌కూ 60 అడుగులు, పిచింగ్ దూరం 46. ముందు బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ దగ్గర మేకు కొట్టి, రెండో బేస్‌కు 84 అడుగుల 10 అంగుళాలు లాగు. ఆ రెండు చోట్ల నుంచీ 60 అడుగుల తాళ్లు పట్టిస్తే అవి కలిసే చోటు ఒకపక్క మొదటి బేస్, మరోపక్క మూడోది. చదరం వంకర పోదు. హోమ్ నుంచి రెండో బేస్ వైపు గీత తూర్పు ఈశాన్యానికి ఉండాలి. ఈశాన్యం అనగానే వాస్తు అనుకునేవు, సాయంత్రం ఎండ బ్యాటర్ కళ్లలో పడకుండా ఉండేందుకే ఆ ఏర్పాటు. గీతలకు సున్నం పోయకు, కంట్లో పడితే కాలుతుంది. ముగ్గుపిండి చాలు. హోమ్ ప్లేట్ వెనక పాత క్రికెట్ నెట్ కట్టు, చూసేవాళ్లను గీతకు 25 అడుగుల అవతల తాడు వెనకే ఆపు. స్లైడింగ్ పూర్తిగా బంద్. మన మొరం నేల మీద జారితే మోకాలు తోలు లేచిపోతుంది.

నువ్వు ఎక్కువ జాగ్రత్త పడాల్సింది బ్యాటు విషయంలో. మన పిల్లలకు ముందు వచ్చింది క్రికెట్. క్రీజులో బ్యాటు ఆనించాలి కాబట్టి బంతి తగలగానే బ్యాటుతో సహా పరుగెత్తుతారు. మొదటి బేస్ దగ్గర ఉన్న పిల్ల కళ్లు పైన బంతి మీద ఉంటాయి, ఎదురుగా అల్యూమినియం బ్యాటు వస్తున్నది చూసుకోదు. 'బ్యాటు వదిలెయ్' అని అరిచావనుకో, వాడు కంగారులో వెనక్కి విసిరేస్తాడు, అది తిన్నగా బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌కు తగులుతుంది. అందుకే మొదటి పొద్దున బంతి తీయకముందే ఒక పని చేయించు. ప్లేట్ పక్కన బ్యాటర్ పరుగెత్తే వైపు పాత స్కూటర్ టైరు పడుకోబెట్టు. ఉత్త గాలిలో బ్యాటు తిప్పాలి, టైరులో పెట్టాలి, అప్పుడు పరుగెత్తాలి. పది నిమిషాలు వరసగా అందరితో చేయించు. ఆటలో కూడా టైరు అక్కడే ఉంచు. టైరు బయట బ్యాటు పడితే ఔట్ ఇవ్వకు, వెనక్కి పిలిచి పెట్టించు. వంతు కోసం కూర్చున్న పిల్లల చేతిలో బ్యాటు ఉండనే కూడదు. హెల్మెట్ బ్యాటర్‌కే కాదు, బేస్‌ల మీద ఉన్నవాళ్లకూ కావాలి.

గ్లవ్ సంగతి. కుడిచేత్తో విసిరే పిల్ల ఎడమ చేతికి తొడగాలి, ముందు చాలామంది తిరగేసి తొడుగుతారు. ఎడమచేతివాటం పిల్లలకు వేరే గ్లవ్ ఉంటుంది, అవి దొరకడం కష్టం. ఎవరి దగ్గర ఎన్ని ఉన్నాయో ఇప్పుడే ఫోన్ చేసి అడుగు. బంతి మెత్తని సేఫ్టీ బంతే తెప్పించు. అసలు బంతి క్రికెట్ బంతి కంటే కాస్త తేలికే, అయినా ముఖానికి తగిలితే మాటలు కాదు. దాని మీద 108 కుట్లు ఉంటాయని చెబితే మా పిల్లలు 'అంబులెన్స్ బంతి' అని పేరు పెట్టారు.

మధ్యాహ్నం ఎండలో మైదానం ఖాళీగా ఉంచి, చెట్టు నీడన బేస్‌బాల్5 ఆడించు. రబ్బరు బంతి, చేత్తోనే కొట్టడం, వైపుకు ఐదుగురు, బేస్‌ల మధ్య 13 మీటర్లు. గ్లవ్ లేదు, బ్యాటు లేదు. 2026 డకార్ యూత్ ఒలింపిక్స్‌లో దానికి చోటిచ్చారని చెబితే ఉత్సాహంగా ఆడతారు.

తేదీ డిసెంబర్‌లో పెట్టుకో. సంక్రాంతికి పిల్లలు ఊళ్లకు పోతారు. మేడారం జాతర ఏడాదైతే జనవరి, ఫిబ్రవరిలో బస్సులు దొరకవు. ఆదిలాబాద్ వాళ్లు కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లో వస్తే కాజీపేటలోనే దిగమను. ఆడపిల్లల గదికి మేడమ్ ఒకరు తోడు ఉండాలి, బాత్రూమ్ గడియలు ముందు రోజే నువ్వే చూడు. పొద్దున పూరీలు వద్దు, ఇడ్లీ పెట్టించు. ఆట మధ్యలో ఉప్పేసిన మజ్జిగ. రెండో రోజు మధ్యాహ్నం వేయిస్తంభాల గుడికి, కోటకు తీసుకుపో. రామప్ప చూపించాలని ఉంటుంది గానీ రానుపోను సగం రోజు పోతుంది, వద్దు.

ముఖ్య అతిథిని పిలవక తప్పదంటావు. పిలువు. సభ మాత్రం ఆట అయ్యాక, నీడలో, పిల్లలు కూర్చున్నాక పెట్టు. సర్టిఫికెట్లన్నీ ఒకేలా ఉండాలి, 'బెస్ట్ ప్లేయర్' ఎవరికీ వద్దు. దాత ఎవరైనా ఒక్క షీల్డ్ ఇస్తానంటే ఆ డబ్బుతో గ్లవ్స్ కొనిపించు.

వంద అడుగుల టేపు, రెండు క్యాచర్ మాస్కులు మా ఇంట్లో ఉన్నాయి. ఆదివారం వచ్చి తీసుకుపో. రెండో రోజు నేనూ వస్తాను. అంపైరింగ్ మాత్రం చేయమనకు, మోకాళ్లు వంగడం లేదు.