ఇన్సులిన్ వేసుకునే అమ్మ ఒంటరిగా 14 గంటల విమానం ఎక్కుతున్నారు, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

మీ అమ్మగారికి 62 ఏళ్లని, రోజుకు నాలుగుసార్లు పెన్నుతో ఇన్సులిన్ వేసుకుంటారని, మొదటిసారి ఒంటరిగా ఇంత దూరం వెళ్తున్నారని రాశారు. నాదీ అదే వైద్యం. పదకొండేళ్లుగా మూడు పూటలా భోజనానికి ముందు ఒకటి, రాత్రికి ఒకటి. దూర ప్రయాణాలు ఏటా తప్పవు. సామాను సంగతి తరువాత చెబుతాను. ముందు ఒక్క మాట ఆమెకు బాగా గుర్తుండేలా చెప్పండి: విమానంలో భోజనం తన ముందుకు వచ్చి, మూత తీసిన తరువాతే ఇన్సులిన్ వేసుకోవాలి.

నేను ఇది కష్టపడి నేర్చుకున్నాను. ఒకసారి భోజనాల బండి నాలుగు వరుసల అవతల కనబడగానే, ఇంట్లో అలవాటు కొద్దీ ఎనిమిది యూనిట్లు వేసుకున్నాను. అంతలోనే కుదుపులు మొదలయ్యాయి. సిబ్బంది బండిని వెనక్కి తీసుకుపోయి తామూ కూర్చుండిపోయారు. అరగంట దాటేసరికి నాకు చెమటలు, చేతుల్లో వణుకు. గ్లూకోజ్ బిళ్లలేమో తలపై అరలో పెట్టిన సంచిలో ఉన్నాయి, లేవడానికి వీల్లేదు. పక్క సీటులోని ఆవిడ తన పండ్లరసం డబ్బా ఇచ్చారు. అది తాగి, కాస్త తేరుకుని పరీక్ష చేసుకుంటే అప్పటికీ షుగర్ 58 ఉంది. ఆ భయం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

అందుకే ఒక చిన్న సంచి ఆమె ఒంటి మీదో, ముందు సీటు కిందో ఉండాలి, తలపై అరలో వద్దు. పెన్నులు, సూదులు, గ్లూకోమీటరు, స్ట్రిప్పులు, గ్లూకోజ్ బిళ్లలు, కొన్ని బిస్కెట్లు అందులో పెట్టండి. షుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాల తరువాత మళ్లీ చూసుకోవాలి. ఒక్కో బిళ్లలో ఎన్ని గ్రాములు ఉంటుందో డబ్బా మీద చూసి, ఎన్ని వేసుకోవాలో ఇంట్లోనే లెక్కకట్టి చీటీ మీద రాసి ఇవ్వండి. షుగర్ పడిపోయినప్పుడు లెక్కలు తోచవు. నిద్రపోయే ముందు కూడా ఒకసారి పరీక్ష చేసుకోమనండి.

ఇక సామాను. ఇన్సులిన్‌ను చెక్-ఇన్ పెట్టెలో ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. సరుకుల అరలో చలికి అది గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగిన తరువాత మామూలుగానే కనిపించినా దాని మీద ఆధారపడకూడదు. అవసరమైన దానికి రెట్టింపు తీసుకెళ్లడం మంచిది. డాక్టరు ఉత్తరం, మందుల చీటీ, ఫార్మసీ లేబుల్ ఉన్న పెట్టెలు దగ్గర ఉంటే తనిఖీలో ఇబ్బంది ఉండదు. ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల పరిమితి నుంచి ఇన్సులిన్ లాంటి మందులకు మినహాయింపు ఉంటుంది. కాకపోతే వాటిని దాచకుండా ముందే తీసి చూపించాలి. చేతికి షుగర్ సెన్సార్ ఉంటే, స్కానర్‌లోకి వెళ్లవచ్చా లేదా అన్నది తయారీదారు సూచనల్లో చూడండి. వద్దని ఉంటే చేతితో తనిఖీ చేయమని అడగవచ్చు.

పెన్ను విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. విమానం పైకి వెళ్లేకొద్దీ లోపలి గాలి ఒత్తిడి తగ్గుతుంది. సూదిని పెన్నుకే వదిలేస్తే మందు కారిపోవచ్చు, గాలి బుడగలు చేరవచ్చు. ప్రతిసారీ సూది తీసేయాలి. మళ్లీ వేసుకునే ముందు రెండు యూనిట్లు గాలిలోకి వదిలి, చుక్క వస్తోందో లేదో చూసుకోవాలి.

అన్నిటికంటే చిక్కైనది రాత్రి ఇన్సులిన్ (దాదాపు రోజంతా నెమ్మదిగా పనిచేసేది) వేళ. తూర్పుకా, పడమరకా మీరు రాయలేదు. పడమర వైపు వెళ్తే రోజు సాగుతుంది. రెండు రాత్రి డోసుల మధ్య 24 గంటలు దాటిపోయి, మధ్యలో షుగర్ పెరుగుతుంది. తూర్పు వైపు వెళ్తే రోజు కుంచించుకుపోతుంది. మొదటి డోసు ప్రభావం ఉండగానే రెండోది పడి షుగర్ తగ్గిపోవచ్చు, నాకు ఇదే ఎక్కువ ప్రమాదంగా అనిపిస్తుంది. టిక్కెట్టు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ గంటకు ఎన్ని యూనిట్లో కాగితం మీద రాయించుకోండి. ఇది ఊహతో చేసే పని కాదు. నేనైతే దిగేదాకా చేతి గడియారాన్ని ఇంటి సమయం మీదే ఉంచుతాను.

అక్కడ ఇన్సులిన్ కొనవలసివస్తే, సీసా మీద బలం చూడాలి. మిల్లీలీటరుకు 40 యూనిట్లవీ, 100 యూనిట్లవీ ఉన్నాయి. 40 సిరంజితో 100 రకం తీస్తే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. అందుకే పెన్నులే ఎక్కువ పట్టుకెళ్లమంటున్నాను.

ఆ వయసు అమ్మలు ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదనుకుంటారు, నా దిగులంతా అదే. విమానం ఎక్కగానే సిబ్బందిలో ఒకరికి చూపించడానికి, వారికి అర్థమయ్యే భాషలో ఒక కార్డు రాసివ్వండి: “నాకు మధుమేహం ఉంది, ఇన్సులిన్ వాడుతున్నాను. నేను తికమకగా మాట్లాడితే తీపి పానీయం ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా వైద్య సహాయం పిలవండి.” వెనక వైపు మీ ఫోను నంబరు రాయండి.