మామయ్య పోయింది సూది వల్ల కాదని అత్తయ్యకు ఎలా చెప్పాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు దగ్గర ఒక పల్లె. పెళ్ళై ఆరేళ్ళయింది. మా వారు పైడిభీమవరంలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేస్తారు. 2021 ఏప్రిల్‌లో మామయ్యకు కరోనా టీకా, కోవిషీల్డ్ మొదటి డోసు, నేనే దగ్గరుండి వేయించాను. మూడో రోజున ఆయన రాజాంలో ఒక పెళ్ళికి వెళ్ళొచ్చారు. తొమ్మిదో రోజున జ్వరం, దగ్గు మొదలయ్యాయి. వాసన తెలియడం లేదన్నారు. ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం లేదని ఊరంతా అనుకుంటున్న రోజులవి. అత్తయ్య పంపనన్నారు. ఐదు రోజులు కషాయాలు తాగించి, ఆవిరి పట్టించాం. ఆరో రోజున శ్రీకాకుళం తీసుకువెళ్తే పరీక్షలో పాజిటివ్ వచ్చింది. నాలుగు రోజులకు పోయారు. శవాన్ని ఇంటికి తేనివ్వలేదు. అత్తయ్యకు కడసారి చూపు కూడా దక్కలేదు. అప్పటి నుంచి "నువ్వు సూది వేయించబట్టే పోయాడు" అంటారు. పక్కింటి అబ్బాయి ఫోనులో రోజుకో వీడియో చూపిస్తాడు. ఇప్పుడు మాకు మూడున్నర నెలల బాబు. మామయ్య పేరే పెట్టాం. అత్తయ్య ఆ పేరు పలకరు, "బాబూ" అనే పిలుస్తారు. పుట్టినప్పుడు ఆస్పత్రిలో వేసినవి తప్ప ఒక్క టీకా కూడా వేయించనివ్వడం లేదు. మా వారు "అమ్మ మాట కాదనలేను, కొన్నాళ్ళు ఆగుదాం" అంటారు. ఒక్కోసారి అత్తయ్య మాటే నిజమేమోనని నాకే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు మీ చివరి వాక్యానికి జవాబు చెబుతాను. మీ మామయ్యగారి ప్రాణం తీసింది కరోనా, మీరు వేయించిన టీకా కాదు. మీ మనసు తేలికపడాలని అంటున్న మాట కాదిది. మీరు రాసిన రోజుల లెక్కే ఆ సంగతి చెబుతోంది.

కోవిషీల్డ్‌లో కరోనా వైరస్ ఉండదు. చింపాంజీలలో జలుబు తెప్పించే మరో వైరస్‌ను, మన ఒంట్లో పెరగకుండా మార్చి వాడతారు. కరోనా పైపొర మీద ఉండే ముల్లులాంటి ప్రోటీన్ ఎలా ఉంటుందో అది మన శరీరానికి చూపిస్తుంది. శరీరం ఆ ముల్లును గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. ఆ క్రమంలో జ్వరం, ఒళ్ళునొప్పులు వచ్చేది టీకా వేసిన రోజో మర్నాడో, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. తొమ్మిదో రోజున దగ్గుతో మొదలైన జ్వరం, వాసన తెలియకపోవడం టీకా తెచ్చేవి కావు. ముక్కులోంచి నమూనా తీసి చేసే పరీక్షలో పాజిటివ్ రావడం టీకా వల్ల అసలే జరగదు. కరోనా సోకాక రెండు నుంచి పద్నాలుగు రోజుల్లో బయటపడుతుంది. టీకా మొదటి డోసు కొంతైనా కాపు కాయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. గొడుగు విప్పేలోపే ఆయన తడిసిపోయారు. రాజాం పెళ్ళిలో సోకిందో, టీకా కోసం నిలబడిన వరుసలో సోకిందో, ఊళ్ళోనే సోకిందో ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. రెండో దశ ఊళ్ళమీద విరుచుకుపడిన నెల అది. ఆ నెలలో ఆయన వయసు మనిషికి టీకా వేయించాలనుకోవడం సరైన పని. మీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని.

ఇక ఆ ఫోనులో వచ్చే వీడియోల సంగతి. అన్నింటినీ ఒకే గాటన కట్టి "అబద్ధం" అని కొట్టిపారేయకండి. వాటిలో ఒకటి నిజం ఉంది. ఆ టీకాను రూపొందించిన ఆస్ట్రాజెనెకా కంపెనీ, చాలా అరుదుగా కొందరిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందని బ్రిటన్ కోర్టులో ఒప్పుకున్నట్లు 2024లో వార్త వచ్చింది. అది నిజమే. అయితే దాచిపెట్టి అప్పుడు బయటపెట్టిన రహస్యం కాదు. ఐరోపా ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఏప్రిల్‌లోనే దీన్ని ప్రకటించింది. అది లక్షల మందిలో ఏ కొద్దిమందికో వచ్చే ఇబ్బంది. దాని లక్షణాలు వేరు: తీవ్రమైన తలనొప్పి, కాలు వాపు, ఒంటిమీద కమిలినట్లు మచ్చలు వంటివి. మీ మామయ్యగారిది ఆ దారి కాదు. ఈ ఒక్క నిజాన్ని మీరు ఒప్పుకుంటే, మిగతావి విన్నప్పుడు మీ అత్తగారు మీ మాటకు చెవి ఒగ్గుతారు.

ఆ మిగతావి ఇవి. టీకా వేసుకున్నవాళ్ళు రెండేళ్ళలో చనిపోతారని నోబెల్ బహుమతి పొందిన ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త చెప్పినట్లు 2021 మేలో తిరిగిన సందేశం పచ్చి అబద్ధం. ఆయన ఆ మాట అననే లేదు. ఆ గడువు 2023లోనే దాటిపోయింది. దేశంలో 220 కోట్లకు పైగా డోసులు వేశారు. మీరూ మీ వారూ వేసుకుని ఉంటారు, ఆ పక్కింటి అబ్బాయీ వేసుకునే ఉంటాడు. కుర్రవాళ్ళు హఠాత్తుగా గుండె ఆగి పోతున్నారనే వీడియోల విషయానికొస్తే, భారత వైద్య పరిశోధన మండలి దానిమీదే పని చేసింది. కారణం తెలియకుండా హఠాత్తుగా చనిపోయిన 18–45 ఏళ్ళ వారు 729 మంది వివరాలను, అదే వయసు, అదే చుట్టుపక్కల ఉన్న 2,916 మందితో పోల్చి 2023లో ఫలితం ప్రకటించింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదు. కరోనాతో ఆస్పత్రిలో చేరి ఉండటం, ఇంట్లో అలాంటి మరణాలు ముందే ఉండటం, ఒక్కసారిగా విపరీతంగా తాగడం వంటివే ముప్పును పెంచాయి.

ఇదంతా మీ అత్తగారి ముందు పెడితే మారతారా? మారరని నా అనుభవం. ఏకు మేకై కూర్చోవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆ మేకును ఎవరు దిగగొట్టారో చూడాలి. మీ ఉత్తరంలో ఒక చిన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: "అత్తయ్య పంపనన్నారు."

ఆ ఐదు రోజులూ ఆమెకు గుర్తున్నాయమ్మా. మీకన్నా ఎక్కువగా గుర్తున్నాయి. మిరియాలు దంచిన చేయి ఆమెది, ఆవిరికి దుప్పటి కప్పిన చేయి ఆమెది. "ముందే తీసుకువెళ్ళి ఉంటే" అన్న మాట ఎవరూ ఆమెతో అని ఉండరు. ఆమె తనలో తాను అనుకోకుండా ఉండలేదు. ఆ మాటను మోయలేక ఆమె సూది మీదకు తోసింది. సూది వెనుక మీరున్నారు కాబట్టి అది మీకు తగిలింది. సూది వల్ల పోయాడంటే, ఆ ఐదు రోజులకూ ఆయన చావుకూ సంబంధం ఉండదు కదా.

కనుక ఆమెకు మొదట చెప్పవలసింది టీకా గురించి కాదు, ఆ ఐదు రోజుల గురించి. కరోనాలో ఒక దొంగదెబ్బ ఉంది. రక్తంలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా చాలామందికి ఆయాసం తెలిసేది కాదు. మాట్లాడుతూ, టీ తాగుతూ ఉండేవారు. వేలికి పెట్టే చిన్న యంత్రం 94 కన్నా తక్కువ చూపిస్తే తప్ప లోపల ఏం జరుగుతోందో పక్కనున్నవారికి తెలిసే వీలు లేదు. ఆ రోజుల్లో పల్లెల్లో ఆ యంత్రం ఎన్ని ఇళ్ళలో ఉంది? మీ అత్తగారు చూసింది జ్వరంతో పడుకున్న మనిషిని, చావుకు దగ్గరవుతున్న మనిషిని కాదు. కషాయం గొంతుకు హాయిగా ఉంటుంది, ఆవిరి ముక్కుదిబ్బడను వదిలిస్తుంది, రెండూ ఊపిరితిత్తుల్లోని వైరస్‌ను చంపలేవు. ఆమెకు ఆ సంగతి ఎవరు చెప్పారు? ఊరంతా చెప్పింది వేరు. ఆస్పత్రి అంటే చావు అని నమ్మి చివరి నిమిషం దాకా వెళ్ళకపోవడం, చివరి నిమిషంలో వెళ్ళినవాళ్ళు చనిపోవడం, దాన్ని చూసి ఆ నమ్మకం మరింత గట్టిపడటం. ఈ చక్రంలో ఎన్ని ఇళ్ళు పడ్డాయో లెక్కలేదు. తప్పు ఆమె ఒక్కదానిది చేయకూడదు. ఆమె కూడా తనమీద వేసుకోకూడదు.

రెండోది కడసారి చూపు. శవం నుంచి కరోనా గాలిలో పాకుతుందన్న భయం మనుషుల చేత ఎంత పని చేయించిందో మీ జిల్లాకు వేరే చెప్పనక్కరలేదు. 2020 జూన్‌లో పలాసలో ఒక పెద్దాయన శవాన్ని జేసీబీలో తరలించిన దృశ్యం అందరం చూశాం. దానిమీద అధికారులను సస్పెండ్ చేశారు కూడా. అసలు కేంద్ర ఆరోగ్య శాఖ 2020 మార్చిలో ఇచ్చిన సూచనల్లోనే, సంచి తెరిచి ముఖం చూపించవచ్చని, తాకకుండా చేసే కర్మలు చేసుకోవచ్చని, అస్థికల వల్ల ఏ ప్రమాదమూ లేదని ఉంది. మీ అత్తగారికి ఆ చూపు దక్కకుండా చేసింది చట్టం కాదు, భయం. ముఖం చూడని చావు మనసుకు పూర్తి కాదు. ఆమె ఇంకా ఆ గుమ్మంలోనే ఎదురుచూస్తూ కూర్చుని ఉందని నాకు అనిపిస్తోంది.

ఎలా మాట్లాడాలి? ఎదురుగా నిలబడి, ఫోను చేతిలో పట్టుకుని వద్దు. మీ పొందూరు వైపు ఆడవాళ్ళు రాట్నం ముందు కూర్చున్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. మీ అత్తగారు నూలు వడికేవారైతే పక్కన కూర్చోండి. కాకపోతే బియ్యం ఏరుతున్నప్పుడో, బాబుకు నూనె రాస్తున్నప్పుడో. ఎదురెదురు చూపులు లేనిచోట బరువైన మాట తేలిగ్గా దిగుతుంది. "అత్తయ్యా, ఆ ఐదు రోజులూ మీరు నిద్రపోలేదు, నాకు గుర్తుంది" అనండి. అక్కడ ఆపేయండి. ఆమె ఏడవవచ్చు, కోప్పడవచ్చు, లేచి వెళ్ళిపోవచ్చు. ఆ రోజుకు అంతే. టీకా మాట ఆ రోజు ఎత్తకండి. ఆక్సిజన్ సంగతి మరో రోజు మీ వారి నోటి నుంచి రావాలి. ఆ ముఖాన్ని చూడలేకపోయిన కొడుకు ఆయన. నాన్న గురించి తల్లీ కొడుకులు ఒక్కసారైనా కూర్చుని మాట్లాడుకున్నారో లేదో కనుక్కోండి.

ఇవన్నీ నెమ్మదిగా జరగవలసినవి. బాబు టీకా మాత్రం అలా కాదు. అత్తగారు ఒప్పుకునేదాకా ఆగితే మీరు పొరపాటు చేస్తున్నట్టే. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పడవలసినవన్నీ మీ బాబుకు మిగిలిపోయాయి. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, మెదడు పొరల వాపునూ న్యుమోనియానూ తెచ్చే హిబ్ అనే బ్యాక్టీరియా, ఈ ఐదింటికీ కలిపి ఒకే సూది. వీటిలో కోరింత దగ్గు ఆరు నెలల లోపు పిల్లలకు అన్నింటికన్నా ప్రమాదం, దగ్గుతూ దగ్గుతూ ఊపిరే ఆగిపోవచ్చు. ఆలస్యమైందని భయపడకండి, ఇప్పుడు మొదలుపెట్టి నాలుగేసి వారాల ఎడంతో వేస్తారు. బుధవారం, శనివారం మన దగ్గర టీకాల రోజులు. వచ్చే బుధవారానికే మీ ఆశా కార్యకర్తతో మాట్లాడుకోండి, బాబు టీకాల కార్డు తీసుకువెళ్ళండి.

ఒక్క షరతు. బాబును ఒళ్ళో పెట్టుకుని టీకా వేయించేది మీరు కాదు, మీ వారు. ఒకసారి మీరు తీసుకువెళ్ళినందుకు నాలుగేళ్ళుగా శిక్ష అనుభవిస్తున్నారు. రెండోసారి ఆ భారం మీ ఒక్కరి మీద పడకూడదు. "అమ్మ మాట కాదనలేను" అంటూ ఆయన పక్కకు తప్పుకుంటే, భార్య ముందుకు నెట్టబడుతుంది. ఈ ఉత్తరం ఆయనకు చూపించండి.

వెళ్ళే ముందురోజు అత్తగారికి ఆయనే చెప్పాలి, దొంగచాటుగా వద్దు. వీలైతే ఆమె భుజం కింద ఉన్న పెద్ద మచ్చ గురించి అడగమనండి. అరవై దగ్గర పడినవారికి సాధారణంగా ఉంటుంది, మశూచికం టీకా మచ్చ. "అమ్మవారు పోసింది" అంటూ ఊళ్ళకు ఊళ్ళు వేపమండలు కట్టుకున్న ఆ రోగం మన దేశంలో చివరిసారి కనిపించింది 1975లో. ఆ సూది వేయించడానికి ఆమె తల్లి ఎంత భయపడిందో, ఎవరు ఎత్తుకుని తీసుకువెళ్ళారో ఆమెనే చెప్పనివ్వండి.

మీ గురించి ఒక మాట. కాన్పై మూడున్నర నెలలే అయింది. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బాబు మీద కూడా మనసు నిలవకపోవడం ఉంటే 14416 కు ఫోను చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు. మీ అత్తగారు తిండి, నిద్ర మానేస్తున్నా అదే నంబరు పనికొస్తుంది.

చివరిగా, నన్ను అన్నింటికన్నా కలవరపెడుతున్నది ఆ బుధవారం రాత్రి. సూది పడ్డాక బాబుకు ఒళ్ళు వెచ్చబడుతుంది, తొడ మీద వాపు రావచ్చు, చిరాకుగా ఏడుస్తాడు. ఇది మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. జ్వరం అంతకు మించి ఉన్నా, ఫిట్స్ వచ్చినా, మూడు గంటలకు పైగా ఆపకుండా ఏడ్చినా డాక్టరుకు చూపించండి. మీకు ఇది మామూలు జ్వరం. మీ అత్తగారికి మాత్రం మళ్ళీ అదే పేరున్న మనిషికి సూది, ఆ తర్వాత జ్వరం. ఆ రాత్రి ఆమెను పక్క గదిలో ఒంటరిగా వదలకండి. జ్వరం వస్తుందని ముందే చెప్పి ఉంచండి. నర్సమ్మ చెప్పిన చుక్కల మందు ఎన్ని చుక్కలో ఆమెకే అప్పగించండి, థర్మామీటరు ఆమె చేతిలోనే ఉండనివ్వండి. తెల్లవారుజామున ఒళ్ళు చల్లబడినప్పుడు ఆ సంగతి ఆమెకే ముందు తెలియాలి. మీ వారిని ఆ రాత్రి షిఫ్టు మార్చుకోమనండి.