పక్కన కూర్చుని నేసిన మనిషిని అడుగు

హనుమకొండ

తల్లీ,

మీ బాపు గురించి రాసి పంపిన కాగితాలు చదివాను. సంవత్సరీకం నాటికి చిన్న పుస్తకంగా వేసి చుట్టాలకు, వరంగల్ కొత్తవాడలో ఆయనను ఎరిగినవాళ్లకు పంచాలన్న నీ ఆలోచన బాగుంది. తప్పకుండా వెయ్యి. అయితే ఇప్పుడున్నట్టు మాత్రం వద్దు.

కష్టజీవి, అజాతశత్రువు, ప్రేమమూర్తి అని రాశావు. నిజమే కావచ్చు. కానీ ఆ మాటలతో ఆయన ముఖం నాకు తెలియలేదు. నిన్ను ఎత్తుకునే ముందు భుజాల మీది నూలు పీచు దులుపుకునేవారని ఒకచోట రాశావు చూడు, అక్కడ కనిపించారు. అలాంటివి ఇంకా కావాలి. అవి ఆయన పనిలోనే దొరుకుతాయి. నువ్వేమో ఆ పనిని రెండు వాక్యాల్లో దాటేశావు.

జంపఖానా నేత ఎలాంటి పనో నీకు తెలుసు, చదివేవాళ్లలో చాలామందికి తెలియదు. దువ్వెనలాంటి పంజాతో పేకను, అంటే అడ్డం దారాలను, కొట్టి కొట్టి దగ్గరకు చేరిస్తే పడుగు, అంటే నిలువు దారాలు, పైకి కనిపించదు. ఆ బిగువు ఉంటేనే పెళ్లి పందిట్లో, బడిలో, సభలో ఎందరు కూర్చున్నా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఆ దెబ్బ మీ బాపు ఏ చేత్తో వేసేవారు? ఏ భుజం నొప్పి పెట్టేది? రాత్రి దానికి కాపడం ఎవరు పెట్టేవారు? నువ్వు చెప్పాలనుకున్న ప్రేమ ఈ జవాబుల్లో ఉంటుంది. దానికి వేరే విశేషణం అక్కర్లేదు.

వెడల్పాటి జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేయాలి. అంటే మీ బాపు పక్కన ఏళ్ల తరబడి ఒక మనిషి కూర్చున్నారన్నమాట. నీ రాతలో ఆయన ఊసే లేదు! ఇంట్లో చెప్పని బాధలు, బాకీలు, పిల్లల చదువుల మీద పెట్టుకున్న ఆశలు ఆయనతోనే చెప్పుకొని ఉంటారు. మీ బాపుకు ఎన్నడూ కోపం రాలేదని రాశావే, అదీ ఆయననే అడుగు. కోపం వచ్చే మనిషే ఇంటి గడప దాటేలోపు దాన్ని దిగమింగి ఉంటే, అది ఇంకా పెద్ద సంగతి.

అమ్మ సంగతి. నీ కాగితాల్లో ఆమె పెళ్లిలో కనిపించి, మళ్లీ ఆసుపత్రిలో కనిపిస్తుంది. మధ్యలో చిలపలు, అంటే నూలు చుట్టలు, విప్పి చుట్టింది ఎవరు? నేతింట్లో మగ్గం మీద కూర్చునేది ఒకరైనా పని ఇంటిల్లిపాదిదీ. ఆమెను పక్కన పెడితే ఆయన బతుకు సగమే రాసినట్టు.

వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు తెరిచిన రోజును బాపు చూశారని రాశావు. మిల్లు వచ్చింది 1934లో. ఆయన పుట్టింది 1951లో అని నువ్వే మొదట రాశావు. బహుశా మీ తాత చూసి చెప్పిన ముచ్చట అయి ఉంటుంది. తాత చెప్పగా విని బాపు మాకు చెప్పేవారని రాయి, అందం ఏమీ తగ్గదు. 2018లో వరంగల్ జంపఖానాలకు, ఈ నేత ఇక్కడిదేనని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతికి ఒక పేజీ ఇచ్చావు. అప్పటికే ఆయన మగ్గం దిగారు కదా. ఆ వార్త విని ఏమన్నారో ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే రాయి, లేకపోతే ఒక్క వాక్యం చాలు.

మగ్గం దిగిన రోజు గురించి మాత్రం నాకు తెలుసుకోవాలని ఉంది. నేతగాడికి పూలదండ వేసి వీడ్కోలు చెప్పేవాళ్లు ఉండరు. చివరి జంపఖానా ఎవరి కోసం నేశారు? మగ్గం ఎవరికిచ్చారు? మర్నాడు పొద్దున లేచి ఏం చేశారు?

ముందు అమ్మ దగ్గర కూర్చో. తరువాత బాపు పక్కన నేసిన ఆ పెద్దాయన ఇంటికి వెళ్లు, ఆలస్యం చేయకు, ఆయనకూ వయసైంది. ఫోనులో రికార్డు చేసుకుంటే మంచిదే, కానీ ముందు అడుగు. రాసింది ఇద్దరికీ చదివి వినిపించి, వాళ్లు కాదన్నవి దిద్ది నాకు పంపు. ప్రూఫులు నేను చూసిపెడతాను.

ఆశీస్సులతో.