మగవాళ్ళు, ఆడవాళ్ళు కథలు వేర్వేరుగా రాస్తారా?

భాష చూసి మాత్రం చెప్పలేం. ఆడవాళ్ళది సున్నితమైన శైలి, మగవాళ్ళది బిగువైన శైలి అనే మాట చాలాసార్లు విన్నాను, నేను నమ్మను. తెలుగులోనే చూడండి, 1960, 70ల్లో వారపత్రికల్లో రచయిత్రులకి ఎంత గిరాకీ ఉండేదంటే కొందరు మగవాళ్ళు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. పురాణం సీత పేరుతో ఇల్లాలి ముచ్చట్లు రాసింది పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు. బీనాదేవి అనేది భార్యాభర్తలిద్దరూ కలిసి పెట్టుకున్న కలంపేరు. వాళ్ళ కథల్లో ఏ వాక్యం ఎవరిదో విడదీసి చూపించమనండి ఎవరినైనా. అంతకు చాలా ముందే, 1927లో, 'మైదానం' నవలలో కథంతా కథానాయిక రాజేశ్వరి నోటే చెప్పించాడు చలం.

మా ఊళ్ళో కొంతమందిమి నెలకోసారి కూర్చుని, రాసినవాళ్ళ పేర్లు తీసేసిన జిరాక్సులు పంచుకుని కథలు చదువుతాం. ఒకసారి మంచాన పడ్డ అత్తగారి కథ వచ్చింది, చెప్పేది కోడలు. పక్క దుప్పటి మార్చడం గురించే ఒక పెద్ద పేరా ఉంది. ఆవిడని ఒక పక్కకి ఒత్తిగిలబెట్టి, మాసిన దుప్పటిని వీపు దాకా పొడుగ్గా చుట్టి, ఖాళీ అయిన సగంలో ఉతికినది పరిచి, ఆ మడతల మీదుగా ఆవిడని ఇటు దొర్లించి అవతల్నించి పాతది లాగెయ్యాలి. దొర్లేటప్పుడు పడిపోతానన్న భయంతో ఆవిడ కోడలి మోచెయ్యి గోళ్ళు దిగేలా పట్టుకుంటుంది. ఇది ఆడవాళ్ళే రాయగలరని అందరూ అన్నారు. రాసింది మగాయన, ఏళ్ళ తరబడి వాళ్ళమ్మకి అన్నీ తనే చేశాడు. ఇంకోసారి బ్యాంకులో సాయంత్రం క్యాష్ తక్కువొచ్చి, కట్టలన్నీ విప్పి మళ్ళీ లెక్కపెట్టే టెన్షన్ మీద కథ వస్తే మగవాళ్ళదే అనుకున్నారు. అది క్యాష్ కౌంటర్‌లో పనిచేసే ఒకావిడ రాసింది.

అయినా తేడా అసలు లేదని అనను. ఎక్కువమంది మగవాళ్ళ కథల్లో 'ఆమె కాఫీ తెచ్చి ఇచ్చింది' అని ఒక్క ముక్కలో అయిపోతుంది, ఇద్దరు స్నేహితులు రాత్రంతా రాజకీయాలు మాట్లాడుకుంటారు, ఆ గ్లాసులు ఎవరు కడిగారో కథకి తెలియదు. చాలామంది రచయిత్రుల కథల్లో పాలు విరిగిపోయాయా, పిల్లాడు లేచాడా అన్నదీ కథలో భాగమే. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' చదవండి, ఇల్లు చక్కదిద్దుకునే పనిలో పడి ఒకావిడ తన పేరే మర్చిపోతుంది. ఆ ఊహ రావాలంటే ఆ పని గురించి లోపలినుంచి తెలిసుండాలి. ఆ తెలియడం చేతుల్లోంచి వస్తుంది, పుట్టుకతో కాదు. ఆ పనులు ఇన్నాళ్ళూ ఎవరి నెత్తిన పడ్డాయో మీకు తెలుసు కాబట్టే తేడా మగా ఆడా తేడాలా కనిపిస్తోంది.

నాకు కోపం వచ్చేది చదివేవాళ్ళ మీద. అదే దుప్పటి పేరా రాసింది మగాయన అని తెలియగానే 'ఎంత పరిశీలన!' అన్నారు. ఆడవాళ్ళు రాస్తే 'ఇంటి కబుర్లు' అంటారు, ఈ మాట మా దగ్గరే విన్నాను. మీరు కథలు రాస్తుంటే ఆడపాత్రని ఎలా రాయాలా అని భయపడకండి, ఆవిడ పొద్దుట్నించి రాత్రిదాకా ఏమేం చేస్తుందో అడిగి, వీలైతే ఒక వారం మీరే చేసి, అప్పుడు రాయండి.