ఫుడ్ ప్యాకేజింగ్ చదువుతానంటోంది, సీఎస్‌ఈ వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది, ఎంపీసీ. కాలేజీలో సైన్స్ ఫెయిర్ కోసం చెరకు పిప్పితో ప్లేటు తయారుచేసింది. అప్పటి నుంచి ప్లాస్టిక్‌కు బదులుగా వాడే ఫుడ్ ప్యాకేజింగ్ మీదే చదువుతానని పట్టుబట్టి కూర్చుంది. మంచి ర్యాంకు వస్తే సీఎస్‌ఈలో చేర్పించాలని మా ఆలోచన. అసలు ప్యాకింగ్‌కి డిగ్రీ అంటూ ఉందా? ఉద్యోగాలు ఉంటాయా? ఆడపిల్ల ఫ్యాక్టరీలో ఎలా నెగ్గుకొస్తుంది?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ టెన్షన్ అంతా చివరి ప్రశ్నలోనే ఉన్నట్టుంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈ రంగంలో పనంతా మిషన్ల పక్కనే ఉండదు. టెస్టింగ్ ల్యాబులు, ఫుడ్ కంపెనీల్లో కొత్త ప్యాకింగ్ రూపొందించే విభాగాలు, నాణ్యత, నిబంధనలు చూసే విభాగాలు, ఇవన్నీ పగటి ఉద్యోగాలే. ఫిల్ము, అట్ట తయారుచేసే ప్లాంట్లలో మాత్రం షిఫ్టులుంటాయి. కొత్త మెటీరియల్ మొదటిసారి మిషన్ మీద నడిపే రోజున, ల్యాబులో పనిచేసేవాళ్లైనా ఒక్కోసారి రాత్రి దాకా ఉండాల్సి వస్తుంది. అది అబ్బాయిలకూ తప్పదు. ఇందులో అమ్మాయిలకు ప్రత్యేకంగా అడ్డు వచ్చేదేమీ నాకు కనిపించడం లేదు.

ఇక అసలు విషయం. అమ్మాయికి ఈ రంగం నచ్చింది సరే, నచ్చినది ఏమిటో తేల్చుకోవాలి. ప్లాస్టిక్ మీద కోపం, ఆకు మీద ప్రేమ ఉంటే చాలదు. ఇది కెమిస్ట్రీ, ఫిజిక్స్ గట్టిగా కావాల్సిన పని. ఆమె చేసిన ప్లేటునే తీసుకోండి. అందులో వేడి సాంబారు పోసి అరగంట వదిలేస్తే ఏమవుతుంది? పిప్పి నార నీటినీ నూనెనూ పీల్చి మెత్తబడుతుంది. దీన్ని ఆపడానికి చాలా దేశాల్లో తయారీదారులు ఏళ్ల తరబడి పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాలు కలిపారు. అవి నేలలోనూ ఒంట్లోనూ ఓ పట్టాన విరగవు. డెన్మార్క్ 2020లోనే ఆహారానికి తగిలే కాగితం, అట్టల్లో వాటిని నిషేధించింది. ఐరోపా యూనియన్ కొత్త ప్యాకేజింగ్ చట్టం 2026 ఆగస్టు నుంచి వాటికి పరిమితులు పెట్టింది. అంటే ప్లాస్టిక్ లేని ప్లేటు చేయడంతో సగం పనే అయింది. ఫ్లోరిన్ లేకుండా నూనె ఆపే పూత కనిపెట్టడం మిగతా సగం. ఉద్యోగం ఉన్నది ఆ రెండో సగంలో.

ప్రకృతి నుంచి వచ్చినదంతా మంచిదే అన్న నమ్మకం కూడా ఈ చదువులో ఎక్కువ కాలం నిలవదు. మన పెళ్లిళ్లలో బాగా వాడుతున్న వక్క పట్ట ప్లేట్లనే చూడండి. అవి చెట్టు నుంచి రాలిన పట్టలే, రసాయనాలేవీ కలపరు. అయినా వక్కలో సహజంగా ఉండే ఆల్కలాయిడ్లు ఆహారంలోకి దిగవచ్చని చెప్పి, 2025లో అమెరికాలో ఆహార, ఔషధ భద్రత చూసే ఎఫ్‌డీఏ వాటి మీద అభ్యంతరం పెట్టింది. ఇలా ప్యాకింగ్ నుంచి తిండిలోకి ఏం దిగుతోంది, ఎంత దిగుతోంది అని కొలవడాన్ని మైగ్రేషన్ టెస్టింగ్ అంటారు. మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి మొత్తం దిగేది కిలో ఆహారానికి 60 మిల్లీగ్రాములు దాటకూడదు. న్యూస్‌పేపర్లో బజ్జీలు కట్టివ్వకూడదని చెప్పింది కూడా ఈ నిబంధనలే. ఎంతమంది పాటిస్తున్నారో మనందరికీ తెలుసు.

చిప్స్ ప్యాకెట్‌ను చించి లోపలి వైపు చూడమనండి. బయట ప్రింటు ఉన్న ఫిల్ము, మధ్యలో సన్నని అల్యూమినియం పూత, లోపల వేడికి కరిగి సీలు పడే పొర. తేమ లోపలికి వస్తే చిప్స్ మెత్తబడతాయి, ఆక్సిజన్ వస్తే పాత నూనె వాసన పడతాయి. నెలల తరబడి ఆ రెండింటినీ ఆపుతున్నది ఆ పల్చటి పొరలే. చిక్కేమిటంటే, వేర్వేరు జాతుల ప్లాస్టిక్‌ను అతికించేశాక మళ్లీ విడదీయలేం. అందుకే రీసైకిల్ చేసేవాళ్లు వాటిని తీసుకోరు. ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ ఒకే జాతి ప్లాస్టిక్‌తో, పూర్తిగా పాలీఎథిలీన్‌తోనో పాలీప్రొపిలీన్‌తోనో, అంతే రక్షణ ఇచ్చే ప్యాకెట్ చేయాలని ప్రయత్నిస్తున్నాయి. చెరకు పిప్పి ప్లేటులా పేపర్లలో ఫొటోలు రావు గానీ, నా అంచనాలో మీ అమ్మాయి తరానికి ఎక్కువ పని దొరికేది ఇక్కడే.

మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్ గురించి ఆమె ఇప్పటికే చదివి ఉంటుంది. తిరుమలలో లడ్డూల కోసం రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకు చెందిన హైదరాబాద్ ల్యాబ్ రూపొందించిన అలా మట్టిలో కలిసే సంచులతో 2021 ఆగస్టులో ప్రత్యేక కౌంటర్ తెరిచారు. అలాంటి పని మంచిదే. మొక్కజొన్న, చెరకు చక్కెరల నుంచి వచ్చే పీఎల్ఏ అనే ప్లాస్టిక్ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. అది సరిగ్గా విరగాలంటే 58 డిగ్రీల దాకా వేడి నిలిచే కంపోస్ట్ ప్లాంటు కావాలి. ఊరి బయట డంప్ యార్డులో పడేస్తే అది మామూలు కవర్‌లాగే పడి ఉంటుంది. నీళ్ల బాటిళ్లతో కలిస్తే వాటి రీసైక్లింగ్ కూడా పాడవుతుంది. ఏ మెటీరియల్ ఏ ఊరికి పనికొస్తుంది, అక్కడ చెత్త ఎటు పోతుంది అని ఆలోచించేవాళ్లు ఈ రంగానికి కావాలి. అలాంటివాళ్లు తక్కువగా ఉన్నారు.

ఉద్యోగాలకు ఆసరా చట్టం నుంచి వస్తోంది. 2022 జులై 1 నుంచి దేశంలో ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు, ప్లేట్లు, కప్పుల వంటివి నిషేధించారు. అదే ఏడాది వచ్చిన మార్గదర్శకాలు, ప్యాకింగ్ వాడే కంపెనీలే తమ ప్లాస్టిక్‌ను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించాలన్నాయి. డబ్బాలు, బాటిళ్ల వంటి గట్టి ప్లాస్టిక్ ప్యాకింగ్‌లో 2025-26 నుంచి 30 శాతం రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ వాడాలని లక్ష్యం పెట్టాయి. రీసైకిల్ చేసినది ఆహారానికి తగలొచ్చా లేదా అని తేల్చాల్సింది మళ్లీ ల్యాబులోని మనిషే.

చదువు దగ్గరికి వద్దాం. ప్యాకేజింగ్‌లో నేరుగా బీటెక్ చేయమని నేను చెప్పను. ఎక్కడైనా కొత్తగా సస్టైనబుల్ ప్యాకేజింగ్ అని అందమైన పేరుతో బీటెక్ పెట్టారని బ్రోచర్ వస్తే దూరంగా ఉండండి. డిగ్రీ వెడల్పుగా ఉండాలి, పీజీలో లోతుకు దిగాలి. కెమికల్ ఇంజినీరింగ్ నా మొదటి ఎంపిక, ఫుడ్ టెక్నాలజీ రెండోది. ఉస్మానియా యూనివర్సిటీ టెక్నాలజీ కాలేజీలో ఈ రెండు దారులూ ఉన్నాయి, రెండోదాన్ని అక్కడ ఫుడ్ ప్రాసెసింగ్ టెక్నాలజీ అంటారు. నిజామాబాద్ జిల్లా రుద్రూర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. బీటెక్ కుదరకపోతే కెమిస్ట్రీతో బీఎస్సీ చేసినా దారి మూసుకుపోదు.

ఆ తర్వాత చేరదగినది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్. 1966లో పెట్టిన సంస్థ, కేంద్ర వాణిజ్య శాఖ కిందిది. ముంబయి ప్రధాన కేంద్రం, హైదరాబాద్‌లోనూ శాఖ ఉంది. సైన్స్, ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లకు రెండేళ్ల పీజీ డిప్లొమా ఇస్తారు. పరిశోధన వైపు మనసుంటే గేట్ రాసి ఐఐటీ రూర్కీ సహారన్‌పూర్ క్యాంపస్‌లో ప్యాకేజింగ్ టెక్నాలజీ ఎంటెక్ చేయొచ్చు. మైసూరులోని కేంద్ర ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐలో ఫుడ్ టెక్నాలజీ ఎమ్మెస్సీ ఉంది, ఫుడ్ ప్యాకేజింగ్‌కు ప్రత్యేక విభాగమూ ఉంది. ప్లాస్టిక్ గురించే లోతుగా తెలుసుకోవాలంటే కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ ఇంజినీరింగ్ సంస్థ సిపెట్ ఉంది. విదేశాల సంగతి అడుగుతారేమో, మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో 1952 నుంచీ ప్యాకేజింగ్ స్కూల్ నడుస్తోంది. అయితే అప్పు చేసి పంపాలా అన్నది రెండేళ్లు ఇక్కడ ఉద్యోగం చేశాక ఆలోచించాల్సిన సంగతి.

ఉద్యోగం కోసం దూరం పోవాల్సిన అవసరం కూడా లేదు. మీ పాత ఖమ్మం జిల్లాలోనే, భద్రాచలం పక్కన సారపాకలో ఐటీసీ పేపర్‌బోర్డు మిల్లు ఉంది. ప్లాస్టిక్ పూత తగ్గించిన ఫుడ్ గ్రేడ్ అట్టలు ఆ కంపెనీ అమ్ముతోంది. హైదరాబాద్‌లో మోల్డ్-టెక్ ఉంది, దేశవ్యాప్తంగా యూఫ్లెక్స్, హుహ్తమాకి వంటి ప్యాకింగ్ కంపెనీలు ఉన్నాయి. మొదటి జీతం విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను: పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇచ్చే ప్యాకేజీ ఇక్కడ మొదట్లో రాదు. కెమికల్, ఫుడ్ టెక్నాలజీ వాళ్లకు వచ్చినంతే వస్తుంది. అనుభవంతో పెరుగుతుంది, నెమ్మదిగా. ఇంట్లో అప్పులుండి నాలుగేళ్లలో గట్టి జీతం తప్పనిసరి అయితే ఆ మాట అమ్మాయికి దాచకుండా చెప్పండి. అలాంటి ఇబ్బంది లేకపోతే, ఇష్టం లేని పిల్లను సీఎస్‌ఈలో కూర్చోబెట్టడం నాకు లాభసాటిగా కనిపించదు.

ఈలోగా ఆమెకు ఒక పని అప్పగించండి. ఇంట్లో చేసిన చెక్కలను సమాన బరువుతో నాలుగు రకాల ప్యాకింగ్‌లలో పెట్టి సీలు చేయమనండి: మామూలు పాలిథీన్ కవరు, చిప్స్ ప్యాకెట్ లాంటి వెండి రంగు కవరు, కాగితం సంచి, గాజు సీసా. గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రోజూ ఒకే టైముకు తూచి, ఏది ఎంత తేమ పీల్చి బరువెక్కిందో రాసి గ్రాఫు గీయమనండి. ఈ పరిశ్రమలో సరుకు ఎన్నాళ్లు పాడవకుండా ఉంటుందో చూసే షెల్ఫ్ లైఫ్ పరీక్ష మొదలయ్యేది ఇంచుమించు ఇలాగే. మూడు వారాలు విసుక్కోకుండా చేసి, కాగితం సంచిని ఎలా బాగుచేయాలని తనే అడగడం మొదలుపెడితే ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లలో కెమికల్, ఫుడ్ టెక్నాలజీలను పైన పెట్టండి. నాలుగో రోజుకే కాటా అటకెక్కితే సీఎస్‌ఈ గురించి మళ్లీ మాట్లాడుకోవచ్చు.